వ్యాయామం గుండెకు తుప్పు పట్టిస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్ల చేత వ్యాయామం చేయించడం నా పని. ట్రెడ్‌మిల్ ఎక్కబోతూ చాలామంది అడిగేది ఒకటుంది: "ఎక్కువ ఆక్సిజన్ పీలిస్తే ఎక్కువ ఫ్రీ రాడికల్స్ పుడతాయట కదండీ, గుండె పాడవదా?" ఫ్రీ రాడికల్స్ అంటే శరీరం ఆక్సిజన్ వాడుకునేటప్పుడు పుట్టి, కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు. ఇది సగం నిజమున్న భయం కాబట్టి ఒక పట్టాన వదలదు.

అపోహ: వ్యాయామంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ గుండెను దెబ్బతీస్తాయి.

వాస్తవం: పుట్టడం నిజమే. అలసిపోయేదాకా పరుగెత్తించిన ఎలుకల కండరాల్లో అవి పెరుగుతాయని 1982లోనే చూపించారు. అయితే గుండెకు ఇవి కొత్త కాదు. దాని కండర కణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాయే, అంటే ఆక్సిజన్ వాడి శక్తిని తయారుచేసే భాగాలే. వాటికి రాత్రీ పగలూ పనే, ఆ పనిలో కొన్ని ఫ్రీ రాడికల్స్ పుడుతూనే ఉంటాయి. వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి కాస్త పెరిగి, కాసేపటికి తగ్గిపోతే కణానికి అదొక కబురు. దాన్ని అందుకున్న ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి, రక్షణ ఎంజైమ్‌ల జన్యువులను పనిలోకి దించుతుంది. వ్యాయామం చేయించిన ఎలుకల గుండెకు కాసేపు రక్తం ఆపి మళ్లీ వదిలితే, చేయించని వాటికన్నా తక్కువ కండరం చచ్చిపోయింది. ఒక ప్రయోగంలో మైటోకాండ్రియాలో ఫ్రీ రాడికల్స్‌ను అణిచే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ పెరగకుండా అడ్డుకుంటే ఆ రక్షణ కూడా పోయింది. అంతా ఆ ఒక్క ఎంజైమ్ చలవే అనుకోకండి, వేరే దారులూ ఉన్నాయి.

గుండె వైఫల్యంలో ఉండే ఆక్సీకరణ ఒత్తిడి (ఫ్రీ రాడికల్స్ కణం రక్షణను మించిపోవడం) సంగతి వేరు. అది వచ్చిపోయేది కాదు, తిష్ఠ వేసుకుని కూర్చునేది. భయపడాల్సింది దానికి.

అపోహ: విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకుని వ్యాయామం చేస్తే రెట్టింపు లాభం.

వాస్తవం: 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజూ ఈ రెండూ వేసుకుంటూ నాలుగు వారాలు వ్యాయామం చేసిన యువకులకు, ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగుదల రాలేదు. కబురు చేరకముందే చెరిపేసినట్టయింది. అది గుండె మీద చేసిన పరీక్ష కాదు, నిజమే. గుండె సంగతికొస్తే, తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న హోప్ పరీక్షలో (2000) విటమిన్ ఇ వల్ల గుండెపోట్లు తగ్గలేదు. లోపం ఉందని డాక్టర్ రాసిస్తే వేసుకోండి. వ్యాయామానికి తోడుగా అయితే నేను వద్దనే అంటాను.

అపోహ: నెలల తరబడి చేస్తేగాని గుండెకు ఏమీ ఒరగదు.

వాస్తవం: ఎలుకల్లో మూడు నుంచి ఐదు రోజుల పరుగుకే ఆ రక్షణ కనిపించింది. ఆపేశాక తొమ్మిదో రోజుకు ఇంకా ఉంది, పద్దెనిమిదో రోజుకు లేదు. ఎలుకల లెక్క మనకు అచ్చంగా సరిపోదు గానీ, ఈ రక్షణ దాచుకుంటే నిల్వ ఉండే సరుకు కాదని తెలుస్తోంది.

అపోహ: ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిది.

వాస్తవం: అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా తీవ్రంగా శ్రమపడితే ఆ కాసేపు గుండెపోటు ముప్పు పెరుగుతుంది. క్రమం తప్పకుండా చేసేవాళ్లలో ఆ పెరుగుదల చాలా తక్కువ. అందుకే రెండు మూడు వారాలు మానేసి వచ్చినవాళ్లు ఎంత బతిమాలినా, మొదటి రోజే పాత వేగం పెట్టనివ్వను.