చేలో ఫ్యాను పెడతామంటే: గాలిమరల మీద అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఉద్యోగం, అనంతపురం జిల్లాలో నాలుగెకరాల మెట్ట. ఇలాంటి తెలుగువాళ్లు మారతహళ్లిలోనూ వైట్‌ఫీల్డ్‌లోనూ కొల్లలు. ఊళ్లో నాన్న దగ్గరికో చిన్నాన్న దగ్గరికో గాలిమరల కంపెనీ మనిషి భూమి కోసం వస్తాడు. ఆ సాయంత్రమే ఫోను ఇక్కడికి వస్తుంది. "అన్నా, నువ్వు ఆ ఫీల్డే కదా, సంతకం పెట్టమంటావా?" అని వాళ్లు నన్ను అడుగుతారు. గాలిమర ఎక్కడ నిలబెట్టొచ్చో, ఎక్కడ నిలబెట్టకూడదో చూసి రిపోర్టు ఇవ్వడం నా పని. ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి బళ్లారి, చిత్రదుర్గ దాకా తిరుగుతుంటాను. గాలి కరెంటు కావాలా వద్దా అంటే కావాలనే అంటాను. ఏ టవరు ఏ గుట్ట మీద, ఏ వంక పక్కన అన్నదగ్గరే అసలు తకరారు. మాట అక్కడిదాకా రానివ్వని నమ్మకాలు కొన్ని ఉన్నాయి. కొన్ని ఊరివాళ్లవి, కొన్ని కంపెనీలవి, ఒకటి రెండు మా కన్సల్టెంట్లవే.

అపోహ: ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తాయి

"ఇవి వచ్చినప్పట్నుంచీ మబ్బుల్ని తరుముతాండాయి సార్" అని సీమ పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ఇప్పటి టవర్ల ఎత్తు 120 నుంచి 140 మీటర్లు. రెక్క కొన పైకి లేచినా 200 మీటర్ల చుట్టుపక్కలే. వానమబ్బు అడుగు మామూలుగా అంతకన్నా చాలా పైన ఉంటుంది, ఉరుముల మబ్బు తల పది కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని కదిలించే సత్తా ఈ రెక్కలకు లేదు.

మరి ఫ్యాన్లు జోరుగా తిరిగే రోజుల్లోనే వాన ఎందుకు ముఖం చాటేస్తుంది? నైరుతి గాలి పడమటి కనుమల మీద నీళ్లన్నీ కుమ్మరించి, ఒట్టి గాలిగా మన వైపు దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఫ్యాన్లను తిప్పేది ఆ గాలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో అనంతపురం సరిపెట్టుకోవాల్సి వస్తున్నదీ ఆ కనుమల చాటున ఉన్నందుకే. రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి కాబట్టి, ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందని కంటికి అనిపిస్తుంది. అసలేమీ మారదని కూడా కాదు. పెద్ద విండ్ ఫారాల దగ్గర రాత్రిపూట నేల మీది వేడి కొద్దిగా పెరిగిందని అమెరికాలోని టెక్సస్‌లో ఉపగ్రహ లెక్కలతో చూపించారు. దానికీ వానకూ సంబంధం లేదు.

ఈ మాట వినగానే నవ్వే ఇంజినీర్లంటే మాత్రం నాకు చిరాకు. తరచి అడిగితే "వాన రాలేదు" వెనక "చెరువుకు నీళ్లు రాలేదు" అన్న మాట ఉంటుంది. ఆ ఫిర్యాదు చాలాసార్లు నిజమే.

అపోహ: గుట్ట మీద బీడే కదా, ఎవరికి నష్టం?

గాలిమర అంటే అందరికీ రెక్కలే కనిపిస్తాయి. నేను మొదట చూసేది రోడ్డు. 60, 70 మీటర్ల రెక్కను ట్రైలర్ మీద గుట్ట పైకి తీసుకెళ్లాలంటే ఐదారు మీటర్ల వెడల్పు దారి కావాలి. మలుపుల దగ్గర ఇంకా చాలా ఎక్కువ. క్రేను నిలబడటానికి చదునైన జాగా వేరే. దానికోసం గుట్టను ఒకవైపు కోసి, ఆ మట్టిని రెండోవైపు కిందికి తోసేస్తారు. వంక అడ్డం వచ్చిన చోట మట్టికట్ట వేసి, అడుగున ఒక పైపు పెట్టి సరిపెడతారు. మొదటి పెద్ద వానకే ఆ పైపు మూతికి కంపచెట్లు అడ్డుపడి, మట్టి పూడుకుపోతుంది. ఇక నీళ్లు రోడ్డు వెంబడే పారి పక్క వంకలో కలుస్తాయి. ఒక ఊరి చెరువుకు చేరాల్సిన నీళ్లు ఇంకో ఊరికి పోతాయి. లేదంటే గట్టు తెగి, కింద శనక్కాయల చేలో ఇసుక మేట వేస్తాయి. ఆ చేను యజమాని కంపెనీకి సెంటు భూమి ఇచ్చి ఉండడు, ఒక్క రూపాయి తీసుకుని ఉండడు. మా రిపోర్టుల్లో అతని పేరు ఉండదు. టవరుకు భూమి ఇచ్చినవాళ్ల జాబితా ఉంటుంది, టవరు కింద పల్లంలో ఉన్నవాళ్ల జాబితా ఉండదు.

ఎండాకాలంలో డ్రోన్ ఎగరేసి తీసిన మ్యాపులో చిన్న వంకలు కనిపించవు. గొర్రెలు కాసే పెద్దాయన్ని వెంటబెట్టుకుని నడిస్తే ఏ వాలులో ఎంత నీళ్లు దిగుతాయో కట్టెతో గీసి చూపిస్తాడు. పైపు బదులు సరైన కల్వర్టు కడితే, తవ్విన మట్టిని వాలు మీద వదిలేయకుండా పక్కకు తరలిస్తే ఈ గొడవలో సగం పైన తప్పుతుంది. టవరు ఖర్చు ముందు అదేమంత లెక్క కాదు, కానీ రోడ్డు కాంట్రాక్టు తక్కువ రేటు వాడికే పోతుంది.

ఇక ఆ "బీడు" సంగతి. రెవెన్యూ పుస్తకంలో బంజరనీ పోరంబోకనీ రాసున్నది నిజానికి ఊరి గొర్రెలకు మేత. తోడేళ్లు, కృష్ణజింకలు బతికేదీ అక్కడే. చెట్లు లేవు గనక పనికిరాని నేల అనుకోవడం బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి వస్తున్న అలవాటు. ఇలాంటి గడ్డి, పొద నేలలను మన బెంగళూరు పరిశోధకులే దేశమంతటా మ్యాపు చేశారు. కాగితం మీద ఎవరిదీ కాని నేల కాబట్టి కంపెనీలకు అదే తేలిక. అక్కడ అభ్యంతరం చెప్పేవాడి చేతిలో పాస్‌బుక్ ఉండదు మరి. నన్నడిగితే, మంచి గడ్డి ఉన్న గుట్ట కన్నా ఇప్పటికే దున్నిన మెట్టచేలో టవరు పెట్టడమే నయం.

అపోహ: పర్యావరణ అనుమతి అక్కర్లేదంటే హాని లేదనే కదా

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. అంటే ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా జరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో దీన్ని కాలుష్యం లేని తెల్ల కేటగిరీలో పెట్టింది. పొగ, మురుగునీరు లేవన్నంతవరకు అది సరైనదే. కానీ ఆ తెల్ల రంగు వంకల గురించీ పక్షుల గురించీ ఏమీ చెప్పదు. అటవీ భూమి తగిలితే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. పట్టా భూములకు ఆ మాత్రం వడపోత కూడా లేదు.

మరి మా రిపోర్టులు ఎవరు అడుగుతారు? ఎక్కువసార్లు అప్పిచ్చే విదేశీ బ్యాంకులు. నాకు నచ్చని విషయం ఒకటుంది. చాలా ప్రాజెక్టుల్లో మేము అడుగుపెట్టేసరికి భూముల టీమ్ అడ్వాన్సులు ఇచ్చేసి ఉంటుంది. అప్పుడు "ఈ టవరును 300 మీటర్లు జరపండి" అంటే అందరికీ టెన్షనే.

అపోహ: పక్షులు చచ్చేది రెక్కలు తగిలే

రెక్కలు తగిలి చస్తాయి, నిజమే. కానీ బట్టమేక పిట్టలాంటి బరువైన పక్షికి రెక్కల కన్నా వైర్లే యముడు. దాని కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న సన్నటి తీగ సరిగా కనిపించదు, కనిపించినా ఆ బరువుతో చటుక్కున పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో అది బతికే చోట్ల కరెంటు లైన్లను భూమి కిందికి మార్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది అందుకే. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. మనకు ఇదేదో ఎడారి సంగతి కాదు. ఈ పిట్ట కోసమే 1988లో కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. సీమలో ఎన్ని ఫ్యాన్లని లెక్కపెట్టేవాళ్లు వాటిని కలిపే 33 కేవీ స్తంభాలను లెక్కలోకి తీసుకోరు.

చనిపోయిన పక్షులను లెక్కపెడితే సరిపోదని చూపించింది మన బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు. మహారాష్ట్రలోని సతారా జిల్లా చాల్కేవాడి పీఠభూమి మీద పని చేసి, 2018లో ఆ అధ్యయనం ప్రచురించారు. ఫ్యాన్లు ఉన్న చోట వేటాడే గద్దలు, డేగలు దాదాపు నాలుగో వంతుకు తగ్గాయి. వాటి భయం తగ్గడంతో తొండలు పెరిగాయి, వాటి ఒంట్లో స్ట్రెస్ హార్మోన్ కూడా తగ్గింది. నేల మీద చచ్చిన గద్ద ఒక్కటీ కనిపించకపోయినా గద్ద అక్కడ లేకుండా పోవచ్చు. "శవాలు దొరకలేదు, ప్రభావం లేదు" అని రాసే రిపోర్టును నేను నమ్మనిది ఇందుకే.

మందు లేని జబ్బు కాదిది. స్పెయిన్‌లోని తరీఫాలో రాబందులు దగ్గరకొచ్చినప్పుడు కొన్ని ఫ్యాన్లను ఆపితే చావులు సగానికి పడిపోయాయి, పోయిన కరెంటు ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. అమెరికాలో గాలి తక్కువగా ఉన్న రాత్రులు ఫ్యాన్లను కాస్త ఆలస్యంగా మొదలుపెడితే గబ్బిలాల చావులు సగం వరకు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే తగ్గాయి. నార్వేలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేసి చూస్తే పక్షుల చావులు 70 శాతం పైన తగ్గాయి. అయితే అది నాలుగే ఫ్యాన్ల మీద చేసిన ప్రయోగం, కాబట్టి పెయింటు డబ్బాతో పరుగెత్తకండి.

అపోహ: ఆ మోతకు మనుషులకు జబ్బులొస్తాయి

టవరు దూరంగా ఉంటే భయం అక్కర్లేదు. ఇంటికి 500 మీటర్ల లోపు పెట్టకూడదని కేంద్రం 2016 మార్గదర్శకాల్లో ఉంది. ఇళ్ల మధ్య రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది వేరే నియమం. చిక్కంతా చేలలో కట్టుకున్న ఇళ్లతో, మ్యాపులో అవి "షెడ్డు" అయిపోతాయి. ఇల్లని రాయించుకోండి.

అపోహ: ఊరికి ఫ్రీ కరెంటు, ఇంటికో ఉద్యోగం

ఫ్యాను కరెంటు సబ్‌స్టేషన్‌కు పోయి, అక్కణ్నుంచి గ్రిడ్‌లో కలుస్తుంది. మీ ఇంటికి వచ్చేది ఎప్పటిలాగే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కరెంటు, బిల్లూ దానిదే. కట్టేటప్పుడు కొన్ని నెలలు పని దొరుకుతుంది, తర్వాత మిగిలేది కొద్దిమంది టెక్నీషియన్లు, వాచ్‌మన్లు. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద బడి కట్టిస్తామన్న మాట కూడా జాగ్రత్తగా వినండి. 2013 కంపెనీల చట్టం అడిగేది గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. ప్రాజెక్టు కోసమే పెట్టిన చిన్న కంపెనీకి మొదటి ఏళ్లలో వడ్డీ, తరుగుదల పోగా లాభమే కనిపించకపోవచ్చు. స్కాట్లండ్‌లో మెగావాటుకు ఏటా 5,000 పౌండ్లు ఊరి నిధికి ఇవ్వడం మంచి పద్ధతిగా నడుస్తోంది, అది లాభంతో ముడిపడింది కాదు. మన దగ్గర ఊరు అడగాల్సింది అలాంటిదే, అడగాల్సిన సమయం పంచాయతీ తీర్మానం ఇవ్వక ముందు.

అపోహ: పాతికేళ్ల తర్వాత భూమి ఎలా ఇచ్చామో అలాగే తిరిగొస్తుంది

ముందు ఆ భూమి మీకు ఇచ్చే హక్కు ఉందో లేదో చూసుకోండి. డీ-పట్టా భూమి, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన భూమి అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం ఉంది, తర్వాత సవరణలూ వచ్చాయి. మీ సర్వే నంబరుకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసులో తేలాలి, బ్రోకరు నోట్లో కాదు.

లీజు ముగిశాక టవరు ఇనుముకు గిరాకీ ఉంటుంది, దాన్ని ఎవరైనా పట్టుకుపోతారు. రెక్కల ఫైబర్‌ను కొనేవాడు ఉండడు. ఒక్కో టవరు కింద వందల క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పునాది ఉంటుంది, చెప్పకపోతే దాన్ని ఎవరూ ముట్టుకోరు. పైగా లీజు అయిపోతే కథ అయిపోయినట్టూ కాదు. 2 మెగావాట్ల లోపు పాత ఫ్యాన్లు తీసి పెద్దవి పెట్టడానికి 2023లో కేంద్రం పాలసీ తెచ్చింది, రామగిరిలో 1990లలో వచ్చిన తరం ఫ్యాన్లు ఆ కోవలోవే. కొత్త ఫ్యాను అంటే ఇంకా వెడల్పు రోడ్డు, ఇంకా పెద్ద పునాది.

కాబట్టి ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి: పునాదిని నేల కింద ఎన్ని అడుగుల లోతు దాకా తీస్తారు, ఆ ఖర్చుకు బ్యాంకు గ్యారంటీ ఎవరి పేరున ఉంటుంది, ఫ్యాను మారిస్తే మళ్లీ మీ సంతకం కావాలా. మధ్యలో కంపెనీ చేతులు మారితే కొన్నవాడికీ ఇవన్నీ వర్తిస్తాయని ఇంకో వాక్యం. డ్రాఫ్టు ఇంగ్లీషులో ఉంటే, నాన్న సంతకం పెట్టేముందు తెలుగులో చదివి వినిపించమని కంపెనీ మనిషినే అడగండి, ఫోను స్పీకర్‌లో పెట్టి మీరూ వినండి.