వెన్నుపూసల మధ్య ఊట

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు అరిగిపోతాయా అని ఒక పాఠకురాలు అడిగారు. అరుగుదల సంగతి తర్వాత, ముందు అక్కడ జరిగే నీళ్ల రాకపోకలు చూద్దాం.

మాగాయ పెట్టినవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. ఉప్పులో ఊరిన ముక్కల్ని పిండి ఎండబెడతాం. ఎండాక మళ్లీ ఊటలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతాయి. డిస్కుకి ఈ తంతు రోజూ ఉంటుంది. పగలు ఒంటి బరువు పిండుతుంది, రాత్రి పడుకున్నాక పీల్చుకుంటుంది. అందుకే పొద్దున్నకీ రాత్రికీ మన ఎత్తు సెంటీమీటరున్నర దాకా తగ్గుతుంది. అందులో సగం, లేచిన మొదటి గంటలోనే! ఒకటే తేడా: మాగాయలో నీటిని లాగే ఉప్పు మామిడిముక్కకి బయట ఉంటుంది, డిస్కులో లోపలే. నడిమి జిగురులోని అగ్రెకాన్ అనే భారీ అణువుల రుణావేశం సోడియం అయాన్లను పట్టి ఉంచుతుంది, వాటి వెంట నీరు వస్తుంది. పెద్దవాళ్ల డిస్కు మధ్యలో రక్తనాళాలు ఉండవు. అక్కడి కణానికి దగ్గరి రక్తనాళం ఏడెనిమిది మిల్లీమీటర్ల అవతల ఉండొచ్చు. గ్లూకోజు రావాలన్నా, లాక్టిక్ ఆమ్లం పోవాలన్నా నిదానంగా సాగే విసరణే, అంటే ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అణువులు వాటంతటవే పాకడమే దిక్కు.

మరి కుర్చీ? 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ డిస్కులోకి సూది గుచ్చి కొలిచి, నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడే ఒత్తిడి ఎక్కువన్నాడు. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వాలంటీరు డిస్కులో సెన్సర్ పెట్టి చూస్తే ఒత్తిడి నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), ఆనుకోకుండా కూర్చుంటే 0.46, కుర్చీలో జారగిలబడితే 0.27! ఒక్క మనిషి మీది కొలతలే అనుకోండి. అయినా 'నిటారుగా కూర్చో' అని వీపు చరిచే మాస్టార్లకి చూపించాలనిపిస్తుంది.

కూర్చోవడం ఒక్కటే నడుంనొప్పి తెస్తుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. నా అనుమానమంతా కదలకపోవడం మీదే. గంటలకొద్దీ వంగి ఉంటే ఎముకల్ని కలిపి కట్టే లిగమెంట్లు సాగి కాసేపు వదులుగానే ఉంటాయి. మెడ, భుజాల కండరాలకైతే బలం పెద్దగా పెట్టకపోయినా విరామం ఉండదు. నిలబడి పనిచేసే టేబుల్ కొని దాని ముందు కొయ్యబారిపోయినా ఇదే కథ. వేలు పోసి కుర్చీ కొనేముందు, అరగంటకోసారి లేచి మంచినీళ్లు తాగి రండి.

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లచేత తన్నించుకునే అలవాటు మనకుంది. మామూలు పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది, పేరు మాత్రం ఆ కాలికి వస్తుంది. అయితే కాలు బలహీనపడినా, పీట మీద ఆనే చోట తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.