చలి దేశంలో కాగితం పూల తీగ: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో మా నర్సరీకి వచ్చే పెద్దవాళ్లు ఈమధ్య సొంత డాబా మొక్కల కంటే షికాగోలోనో టొరంటోలోనో ఉన్న పిల్లల మొక్కల గురించే ఎక్కువ అడుగుతున్నారు. అందులోనూ కాగితం పూల తీగ గురించి. అక్కడ చలికాలంలో దాన్ని చాలాసార్లు చంపేది అతి సేవే.

అపోహ: నేలలో నాటి, చలికాలం పట్టా కప్పితే బతుకుతుంది.

బతకదు. ఇది బ్రెజిల్ వైపు తీగ. మన చలి దానికి లెక్కలోది కాదు కాబట్టి ప్రహరీ మీదికి పాకించి వదిలేస్తాం. షికాగోలో నేలే గడ్డకడుతుంది. పట్టా ఒకటి రెండు తేలికపాటి మంచు రాత్రులను దాటిస్తుంది, అంతే. కుండీలోనే పెంచండి. రాత్రులు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంటే లోపలికి తెచ్చేయండి.

అపోహ: ఆకంతా రాలింది, చచ్చిపోయినట్టే.

బతికున్న మొక్కలు చెత్తలోకి పోయేది ఇక్కడే, నాకు బాధ కలిగేదీ ఇక్కడే. వెలుగు తగ్గి చల్లబడితే ఈ తీగ ఆకు రాల్చేస్తుంది. గోటితో బెరడు కొద్దిగా గీరి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే గ్యారేజీలో మోడుగానే ఉండనివ్వండి. మన మైలవరం మల్లె రైతులు చేసేదేమిటి? చలికాలంలో నీళ్లు ఆపి, కొమ్మ కత్తిరించి, ఆకు దూసేస్తారు. వేసవి మల్లెలు ఆ విశ్రాంతి తర్వాత వచ్చినవే.

అపోహ: మోడుకైనా రోజూ నీళ్లు పోయాలి.

ఆకు లేని తీగ నీళ్లు పెద్దగా తాగదు. చల్లటి తడి మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. మట్టి లోపలిదాకా ఆరాక, నెలకోసారి ఒక గ్లాసుడు చాలు.

అపోహ: యూరియా వేస్తే విరగబూస్తుంది.

ఆకు విరగకాస్తుంది. పూతకు కావాల్సింది రోజుకు ఆరు గంటల ఎండ, నీటికీ నీటికీ మధ్య కాస్త ఎద్దడి.

ఇక్కడి కొమ్మ సూట్‌కేసులో పెట్టి పంపుతామంటే నేను ఇవ్వను. మొక్కకు చీడపీడలు లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. అక్కడి నర్సరీల్లోనే దొరుకుతుంది, కొనుక్కోమనండి.

షికాగో వాళ్లు మే సగం దాటాకే కుండీ బయట పెట్టాలి. దానికి ముందే కొమ్మలు కత్తిరించండి, పూత కొత్త చిగురుకే వస్తుంది. మొదటి వారం పది రోజులు నీడలో ఉంచి, మెల్లగా ఎండకు జరపండి.