చెత్త పన్ను పోయింది, ఇంటి పన్ను ఎందుకు పెరుగుతోంది?

కడప కార్పొరేషన్ బడ్జెట్ మాట వస్తే చాలు, గొడవ చెత్త దగ్గర మొదలై చెత్త దగ్గరే ఆగిపోతుంది. 2004లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయిన నాటి నుంచి చెప్పుకొస్తే చాలా ఉంది గానీ, ఇంటి పన్ను నోటీసు చూసి ఉలిక్కిపడుతున్నవాళ్లు తెలుసుకోవలసింది 2020లో జరిగినదే.

ఆ ఏడాది మే నెలలో కొవిడ్ ప్యాకేజీ ప్రకటిస్తూ, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టడం, నీటికి, మురుగుకు కనీస చార్జీలు ఖరారు చేయడం అందులో ఒకటి. అందరికంటే ముందు ఒప్పుకున్నవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. మనకు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. ఆ షరతు ప్రకారం ఇంటి పన్ను లెక్క మారుస్తూ నవంబరు 24న జీవో 198 వచ్చింది. అదే వారం నివర్ తుపాను వానలకు బుగ్గవంక వాగు పొంగి కడపలో ఇళ్లు మునిగాయి. తడిసిన బియ్యం, పరుపులు ఎండబెట్టుకుంటున్నవాళ్లకు జీవోలు చదివే తీరిక ఎక్కడిది?

అంతకుముందు ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్నదే పన్నుకు లెక్క. 2021 ఏప్రిల్ నుంచి స్థలం, కట్టడం విలువే లెక్క. 375 చదరపు అడుగుల లోపు సొంతింట్లో ఉండేవాళ్లకు ఏడాదికి 50 రూపాయలే. మిగతావాళ్లకు కొత్త లెక్క ప్రకారం రావాల్సిన పన్ను చేరేదాకా ఏటా 15 శాతానికి మించి పెంచబోమన్నారు. వినడానికి ఊరటగానే ఉంది. కానీ ఆ 15 శాతం పెరిగిన పన్ను మీదే మళ్లీ పడుతుంది. 2,000 రూపాయలు కట్టే ఇంటికి మరుసటి ఏడాది 2,300, ఆపై 2,645, అలా అయిదో పెంపుకల్లా 4,000 దాటుతుంది. జీతాలు, పింఛన్లు ఆ లెక్కన పెరిగిన ఇళ్లు కడపలో ఎన్ని? పైగా 2025 ఫిబ్రవరిలో భూముల రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు. అంటే పెంపు ఆగాల్సిన గీత ఇంకాస్త పైకి జరిగింది.

చెత్త పన్ను సంగతి అందరికీ తెలిసిందే. 2021 అక్టోబరులో ఇంటింటి చెత్త సేకరణకు పెట్టిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంతో వచ్చింది. 2024 ఆగస్టులో వివాదం ముదిరి కడప మేయర్ ఇంటి ముందే చెత్త పోశారు. ఆ ఏడాది చివరికి రద్దయింది. మంచిదే. అయితే ఆ రద్దు జీవో 198 జోలికి పోలేదు. చెత్త బండ్ల ఖర్చు ఇప్పుడు కాలువల పూడికకూ వీధి దీపాలకూ సరిపోని సాధారణ నిధుల మీదే పడుతోంది.

ఇంటి పన్ను వసూళ్లు పెరగకపోతే కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంట్లు ఆగుతాయని అధికారులు చెప్పింది నిజమే, వాటికి ఆ షరతు పెట్టారు. కానీ ఇళ్ల విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఏ రేటు వేయాలో తేల్చేది కార్పొరేషనే. ఆ రేటు తగ్గిస్తే 15 శాతం పెంపు ముందే ఆగుతుంది. బడ్జెట్ సమావేశంలో చర్చ మొదలుపెట్టాల్సింది అక్కడ.