చోడి అంబలి, రూప్‌కుండ్ ఎముకలు

ఒడిశాలోని గుణుపురంలో మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి ఉండాల్సిందే. ఒడియా వాళ్లు మాండియా అంటారు, మేం చోళ్లు అంటాం, అంటే రాగులే. ఆ గింజ మన ఎముకల్లో గుర్తు వదిలిపెడుతుందని నాకు తెలిసింది హిమాలయాల్లోని ఒక మడుగు వల్ల.

2016 సెప్టెంబరులో రూప్‌కుండ్ ఎక్కాను. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, 5 వేల మీటర్లకు పైన ఉంటుంది. పది అడుగులు వేస్తే చాలు, ఊపిరి అందదు. తీరా చూస్తే మన ఊరి చెరువులో ఒక మూలంత కూడా లేదు, మహా అయితే 40 మీటర్లు. ఒడ్డున రాళ్ల మధ్య ఒక పుర్రె, పక్కనే తొడ ఎముక. దణ్ణం పెట్టుకున్నాను, ముట్టుకోలేదు. గుర్తుగా ఎముకలు పట్టుకుపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

1942లో ఒక ఫారెస్ట్ రేంజర్ కంట పడ్డాయివి. వందల మందివి. అక్కడివాళ్ల కథ ఏమిటంటే, కనౌజ్ రాజు జస్‌ధవళ్ నిండు చూలాలైన రాణిని, నాట్యగత్తెల్ని వెంటబెట్టుకుని నందాదేవి యాత్రకు వచ్చాడు. అమ్మవారు ఆగ్రహించి వడగళ్లు కురిపించింది. కొన్ని పుర్రెల మీద పైనుంచి తగిలిన దెబ్బలు నిజంగానే ఉన్నాయి. దాంతో అందరూ ఒక్క తుపానులోనే పోయారని చాలాకాలం అనుకున్నారు.

2019లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం 38 మంది డీఎన్‌ఏ వివరాలు బయటపెట్టింది. 23 మంది మన ఉపఖండం వాళ్లే. క్రీ.శ. 800 ప్రాంతంలో, అదీ వేర్వేరు సార్లు చనిపోయారు. 14 మంది పోలికలు మాత్రం గ్రీసు, అక్కడి క్రీట్ దీవి వైపువి. వాళ్లు పోయింది 1800 ప్రాంతంలో! మిగిలిన ఒకరు ఆగ్నేయాసియా మనిషి.

మరి ఆ 14 మంది ఇక్కడే పుట్టి పెరిగారేమో? ఇక్కడే తిండి సాక్ష్యం పనికొచ్చింది. చోళ్లు, జొన్న, కొర్ర గాలిలోంచి కార్బన్ తీసుకునే పద్ధతి వేరు. కార్బన్‌లోనే కాస్త బరువైన రకం కార్బన్-13. దాని వాటా వరి, గోధుమల్లో కంటే వాటిలో ఎక్కువ. అది తిన్నవాళ్ల ఎముకల్లోకి చేరి, మనిషి పోయాక కూడా నిలిచి ఉంటుంది. మన ఉపఖండం వాళ్ల ఎముకల్లో రకరకాల తిండి కనిపించింది, కొందరిలో చిరుధాన్యాలు బాగానే ఉన్నాయి. ఆ 14 మందిలో వాటి జాడ దాదాపు లేదు. ఇక్కడివాళ్ల రక్తం కలిసిన గుర్తులూ లేవు. ఎక్కడో దూరాన పుట్టి పెరిగి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

ఇదంతా అమ్మకు చెబితే అంబలి కలుపుతున్న చెయ్యి ఆపింది. "అంత దూరం నుంచి ఎందుకొచ్చార్రా? ఇంటి దగ్గర వాళ్లవాళ్లు ఎన్నాళ్లు ఎదురుచూశారో" అంది.