“బ్యాంకాక్ దగ్గరే కదండీ!”: థాయ్‌లాండ్ ట్రిప్పు మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడలో నాది చిన్న ట్రావెల్ ఆఫీసు. థాయ్‌లాండ్ కోసం వచ్చేవాళ్లలో సగం మంది ఒకే మాటతో మొదలుపెడతారు: “బ్యాంకాక్ దగ్గరే కదండీ, పెద్ద ప్లానింగ్ ఏముంది?” దగ్గరే. శంషాబాద్‌లో ఎక్కితే మూడున్నర గంటల్లో దిగిపోతారు. మా ఊరి నుంచి శంషాబాద్‌కి కారులో వెళ్లడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. కొంప ముంచేది ఆ ధీమాయే.

అపోహ: వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు ఉంటే చాలు.

వాస్తవం: మనవాళ్లకి వీసా రూల్స్ ఈ మధ్య చాలాసార్లు మారాయి. టికెట్ కొనే ముందు రోజు ఎంబసీ సైట్ చూసుకోండి, పక్కింటి వాళ్లు పోయినేడాది వెళ్లొచ్చిన లెక్క పనికిరాదు. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు కూడా తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

అపోహ: బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్ అంటే ఒకటే.

వాస్తవం: రెండున్నాయి. టికెట్ మీద బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మువాంగ్. (తమిళనాడు పార్టీ గుర్తొచ్చినా ఫర్వాలేదు, గుర్తుంటే చాలు.) ఒకటి ఊరికి తూర్పున, ఇంకొకటి ఉత్తరాన. మధ్యలో బ్యాంకాక్ ట్రాఫిక్.

కొత్తలో నేనే చేశానీ తప్పు. తెనాలి కుటుంబం, ఆరుగురు. డాన్ మువాంగ్‌లో దిగేలా ఒక టికెట్, బ్యాంకాక్ నుంచి బీచ్ ఊరు క్రాబీకి మూడు గంటల గ్యాప్‌తో ఇంకో టికెట్ చౌకగా దొరికిందని బుక్ చేసేశాను. రెండోది సువర్ణభూమి నుంచి అని చూసుకోలేదు. ఇమిగ్రేషన్ లైన్లోనే గంటన్నర పోయింది. సూట్‌కేసులతో రెండు టాక్సీలెక్కి వాళ్లు చేరేసరికి కౌంటర్ మూసేశారు. పెద్దాయన ఫోన్ చేసి తిట్టలేదు, “ఇప్పుడేం చేయమంటావు బాబూ?” అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది. ఆరు కొత్త టికెట్ల డబ్బు నా జేబులోంచే పోయింది. ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టుల మధ్య కనెక్షన్ తప్పనిసరైతే ఆరు గంటలకు తక్కువ గ్యాప్ పెట్టను.

సువర్ణభూమిలో దిగితే ఊళ్లోకి రైలుంది. ఫయా థాయ్ స్టేషన్ దాకా 45 బాత్, అరగంట. అక్కడ స్కైట్రైన్‌కి మారొచ్చు.

అపోహ: పిల్లలకి వేసవి సెలవులు, అదే మంచి టైమ్.

వాస్తవం: ఏప్రిల్ అక్కడ ఏడాదిలోకెల్లా వేడి నెల. బెజవాడ ఎండ నుంచి పారిపోయి బ్యాంకాక్ ఉక్కలో పడతారు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సాంగ్‌క్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం. వీధిలోకొస్తే నెత్తిన నీళ్లు పడతాయి. పిల్లలకి పండగే, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లకి కాదు.

బీచ్‌లకైతే ఇంకో లెక్క. ఫుకెట్, క్రాబీ అండమాన్ సముద్రం వైపున్నాయి. అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి వానలు, సముద్రం పోటు మీద ఉంటుంది. బోటు ట్రిప్పులు రద్దవుతుంటాయి. అందరూ ఫొటోల్లో చూసే మాయా బే బీచ్‌ని ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూసేస్తారు. కో సముయి దీవి అటు గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్ వైపు. దానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మన నెల్లూరుకి పడ్డట్టే, ఈశాన్య వానలు పడతాయి. అంటే జూలైలో బీచ్ కావాలంటే సముయి, జనవరిలో కావాలంటే ఫుకెట్. దసరా సెలవుల్లో కావాలంటే బ్యాంకాక్‌తో సరిపెట్టుకోండి, ఒక గొడుగు పెట్టుకుని.

అపోహ: శాకాహారులు పస్తులే.

వాస్తవం: పస్తులుండరు, మోసపోతారు. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ ఉంటుంది. పచ్చి బొప్పాయి సలాడ్ చూడ్డానికి మన కొబ్బరి కోరులా అమాయకంగా ఉంటుంది, రోట్లో దంచేటప్పుడు ఎండు రొయ్యలు, చేపల సాస్ వేస్తారు. “నో మీట్” అంటే వాళ్ల లెక్కలో ఇవి మాంసం కావు. “జే” అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్లు అవే. జే వంటలో గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మా జైన్ కస్టమర్లు నాకంటే ముందే కనిపెట్టారీ సంగతి.

అపోహ: “ప్యాలెస్ ఈరోజు మూసేశారు సార్.”

వాస్తవం: బ్యాంకాక్ రాజభవనం గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గర మంచి బట్టలేసుకున్న పెద్దమనిషి ఈ మాట అంటే నమ్మకండి. పక్కనే ఒక టుక్‌టుక్ (వాళ్ల ఆటో) ఆగి ఉంటుంది, అది నగల కొట్టుకి తీసుకుపోతుంది. టికెట్ కౌంటర్ దాకా మీరే నడిచి చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీరకి ఇబ్బంది లేదు గానీ స్లీవ్‌లెస్ జాకెట్టు వద్దు.

అపోహ: బ్యాంకాక్ ఫ్యామిలీ ఊరు కాదు.

వాస్తవం: ఈ మాట అడిగేటప్పుడు మగాళ్లు నవ్వుతారు, ఆడవాళ్లు నవ్వరు. నేను మాత్రం ముసలివాళ్లతో వెళ్లమనే చెబుతాను. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లోనే క్షీరసాగర మథనం విగ్రహం నిలువెత్తుకి మించి ఉంటుంది. ప్యాలెస్ ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి చుట్టూ గోడల మీద 178 భాగాలుగా రామాయణం గీశారు. వాళ్లు రామకియన్ అంటారు.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పి పంపాలి: అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపోయిన మత్స్యకన్యని ప్రేమిస్తాడు. ఆమె రావణుడి కూతురు. ఓసారి గ్రూపుతో నేనే వెళ్లాను. గైడ్ ఈ కథ చెబుతుంటే అందరూ ఒక మామ్మగారి మొహం చూశారు, ఏమంటారోనని. ఆవిడ బొమ్మకి దగ్గరగా వెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని, “మరి హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు ఎక్కణ్ణుంచి వచ్చాడనుకున్నారర్రా? మైరావణుడి కథ మీరెవరూ వినలేదా?” అంది. తర్వాత పావుగంట గైడుకే ఆవిడ కథ చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.