పిల్లి పగబట్టి మంచం మీద పొయ్యదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పశువైద్యం చేస్తున్నాను. ఊళ్లోని తెలుగు, ఒడియా ఇళ్ల నుంచే కాదు, సరిహద్దు దాటి పాతపట్నం వైపు నుంచి కూడా పిల్లుల్ని తెస్తుంటారు. ఆవుకో మేకకో ఏమైనా అయితే మనవాళ్లు ఇట్టే పసిగడతారు. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో చెప్పిందే నమ్ముతారు, ఆ నమ్మకాల వల్ల బతకాల్సిన పిల్లులు పోతున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "తిట్టామని పగబట్టి మంచం మీద పోసేస్తంది బాబూ."

పగ అనేది పిల్లి బుర్రలో లేదు. ముందు అది ఎలా పోస్తోందో చూడండి. నిలబడి, తోక నిటారుగా లేపి, తోక కొస వణుకుతుండగా గోడకో తలుపుకో చిమ్మిందంటే అది "ఇది నా చోటు" అని వాసన వేసుకోవడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లులే ఈ పని ఎక్కువగా చేస్తాయి, చేయిస్తే పదింటిలో తొమ్మిదింటికి ఈ అలవాటు పోతుంది లేదా బాగా తగ్గుతుంది. అలా కాకుండా కూర్చుని పరుపు మీద మడుగు కట్టిందంటే రెండే అనుమానాలు: మలమూత్రాలకి పెట్టిన ట్రే నచ్చకపోవడం, లేదా మూత్రంలో మంట. ఎన్ని పిల్లులుంటే అంతకి ఒక ట్రే ఎక్కువ పెట్టాలి, ఉన్నదాన్ని రోజూ శుభ్రం చెయ్యాలి, తిండిగిన్నె పక్కనో వాషింగ్ మెషీన్ పక్కనో పెట్టకూడదు. ట్రేలో పోసే ఖరీదైన లిట్టరే కొనక్కర్లేదు, జల్లించి ఎండబెట్టిన మెత్తటి ఏటి ఇసుకలో కూడా హాయిగా వెళ్తాయి. ముక్కు పట్టుకుని ఆ తడిలో రుద్దడం మాత్రం దయచేసి మానండి. దానికి అర్థమయ్యేది ఒక్కటే, మీరంటే భయపడాలని. ఆ భయంతో బీరువా వెనకో మంచం కిందో మీకు కనబడని చోట పోస్తుంది. ఫినాయిల్‌తో కడగడం కూడా వద్దు, పాదాలకి అంటింది నాకుతుంది, ఆ మందుని విరిచే శక్తి పిల్లి లివర్‌కి చాలా తక్కువ.

అదే లివర్ సంగతి కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను: జ్వరంగా ఉందని పారాసెటమాల్ వెయ్యకండి. మనకి మామూలు బిళ్ల, పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. చిగుళ్లు గోధుమరంగుకి తిరిగి, మొహం వాచి, ఊపిరి అందక పోతుంది. చిన్నపిల్లల సిరప్ అయినా అంతే.

అపోహ: "మలబద్ధకం, ఆముదం పోశాం."

ఇది నేను ఎక్కువగా భయపడే మాట. మగపిల్లి ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, ఏమీ రాదు, లేచి కాస్త దూరం వెళ్లి మళ్లీ కూర్చుంటుంది, మధ్యమధ్యలో కింద నాక్కుంటూ గొంతు చించుకుని అరుస్తుంది. ఇంట్లోవాళ్లు దొడ్డికి రావడం లేదనుకుంటారు. పొట్ట కింద చెయ్యి పెడితే మూత్రసంచి గట్టిగా, నిమ్మకాయ కంటే పెద్దదిగా తగులుతుంది, ముట్టుకోనివ్వదు. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నం, స్ఫటికాలూ జిగురూ చేరి మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే. రేపు చూద్దాం అనుకోవడానికి లేదు. ఇక్కడి నుంచి బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్లాలంటేనే గంటల ప్రయాణం, కాబట్టి మూత్రం చుక్క రావడం లేదని అనుమానం రాగానే, అర్ధరాత్రైనా సరే, దగ్గర్లోని డాక్టరుకి ఫోన్ చెయ్యండి. తర్వాత మళ్లీ రాకుండా ఉండాలంటే నీళ్లు ఎక్కువ తాగించాలి. ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టండి, పొడి తిండి ఒక్కటే కాకుండా తడి తిండి కలపండి.

అపోహ: "ఒక్కసారైనా ఈననిచ్చాక ఆపరేషన్ చేయిస్తే మంచిది."

ఈనడం వల్ల ఆరోగ్యానికి కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా మొదటి ఎదకి, అంటే జత కోరే వేళకి, ముందే చేయిస్తే పెద్దయ్యాక పొదుగు గడ్డలు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. నాలుగైదు నెలలకే ఎదకొచ్చే పిల్లులున్నాయి. జత కలవకపోతే రెండు మూడు వారాలకోసారి అదే గోల: రాత్రంతా అరుపులు, నేల మీద దొర్లడం, కాలు కాలిన పిల్లిలా అంటామే, అచ్చం అలా గదులన్నీ తిరగడం. దానికి పిచ్చెక్కింది, ఏదో పట్టింది అని తెస్తారు. ఏమీ పట్టలేదు, ఎద అంతే. కడుపు మోసేది సుమారు 63 నుంచి 65 రోజులు, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు. ఇక ఆ పిల్లల్ని గోనెసంచిలో వేసి మహేంద్రతనయ నది ఒడ్డున వదిలెయ్యడం. ఆకలిదప్పులతో మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచండి, ఇంట్లో పెరిగిన పిల్లికి వేటాడి బతకడం రాదు, కుక్కల నోట పడుతుంది. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారే.

పాల గురించి క్లుప్తంగా. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు అవుతాయి. ఇష్టంగా తాగుతుంది కదా అంటారు, ఇష్టం వేరు, అరుగుదల వేరు. ఉత్త పాలూ అన్నంతో పెంచితే టారిన్ అనే పోషకం అందక గుండె పెద్దదవుతుంది, చూపు పోతుంది. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. ఎండుచేప పెడితే ఉప్పు పోయేలా బాగా నానబెట్టి, అదీ ఎప్పుడో ఒకసారి.

అపోహ: "కోడలు నెల తప్పింది, పిల్లిని పంపించెయ్యాలి."

పంపక్కర్లేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి ఈ భయం. అది సోకిన పిల్లి, సాధారణంగా జీవితంలో ఒకసారి, ఒకటి నుంచి మూడు వారాలపాటు మలంలో దాని గుడ్లు విడుస్తుంది. అవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ట్రేని రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే చాలు, ఆ పని అబ్బాయికి అప్పజెప్పండి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోటపని తర్వాత కడుక్కోని చేతులు, వీటితోనూ అంతే జాగ్రత్త కావాలి. మనం పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగి కూర్చుంటాం గానీ, మన ఒడియా పొరుగువాళ్లు పురిటిబిడ్డల్ని కాచే తల్లిగా కొలిచే షష్ఠీదేవికి వాహనం పిల్లే.

చివరిగా కాటు. "కుక్క కరిస్తేనే ఇంజెక్షన్, పిల్లి రక్కితే పసుపు చాలు" అంటారు. రేబిస్ పిల్లి నుంచీ వస్తుంది. కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి, పసుపూ సున్నమూ పెట్టకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో పిల్లికి మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకి మిగతావి. సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా చాలా పశువైద్యశాలల్లో టీకా ఉచితంగా వేస్తారు, ముందే అడిగి ఉంచుకోండి. పిల్లిని చేతుల్లో పట్టుకుని రావద్దు, జనాన్నీ కుక్కల్నీ చూసి బెదిరి దూకేస్తుంది. మూత ఉన్న బుట్టలో, అడుగున మీ పాత చీర ముక్క వేసి తీసుకురండి.